సాధారణ ఇంగ్లీషు పదాలు: తెలుగు వాడుకలో అర్థాలు, వ్యాకరణ విధులు (నిజామాబాద్–బోధన్ ప్రాంతం)

నిర్వచనం, పరిధి

ఇంగ్లీషులో మాటిమాటికీ వినిపించే, కనిపించే పదాలను సాధారణ పదాలంటారు. వీటిలో రెండు తెగలున్నాయి. వస్తువును, పనిని, గుణాన్ని చెప్పేవి అర్థపదాలు: బస్సు, స్టార్ట్, ఫుల్ వంటివి. వాక్యంలో మాటకూ మాటకూ సంబంధం కలపడమే పనిగా ఉన్నవి విధిపదాలు: ది, ఆఫ్, టు, అండ్, దట్, ఈజ్ వంటివి. విధిపదాలు లెక్కకు కొద్ది, వాడకంలో మాత్రం వాటిదే పైచేయి. 1961లో అమెరికాలో అచ్చయిన రచనలనుంచి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కూర్చిన పది లక్షల పదాల బ్రౌన్ కార్పస్‌లో ‘ది’ ఒక్కటే దాదాపు 7 శాతం ఉంది, ‘ఆఫ్’ సుమారు మూడున్నర శాతం. (ఈ బ్రౌన్‌కూ మన నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్‌కూ సంబంధం లేదు.)

తెలుగు వాడుకలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఇంగ్లీషు అర్థపదాలు వేల సంఖ్యలో తెలుగులోకి వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ‘ది’ మాత్రం రాలేదు. వచ్చిన మాట కూడా తన వ్యాకరణాన్ని వెంట తెచ్చుకోలేదు. అర్థంలో కొంత తెచ్చింది, విధి అంతా ఇక్కడే నేర్చుకుంది. ఈ వ్యాసం ఆ విధులను, అర్థాల మార్పును నిజామాబాద్ పట్టణం, బోధన్, నిజాంసాగర్ కాలువల కింది చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి ప్రాంతాల వాడుక ఆధారంగా వివరిస్తుంది. రైలు, కాలువ, చక్కెర ఫ్యాక్టరీ, గల్ఫ్ వలస అనే నాలుగు దారుల్లో ఇంగ్లీషు మాట ఇక్కడికి చేరడం ఈ ఎంపికకు కారణం.

చరిత్ర (చూ. అన్యదేశ్యాలు, నిజాం రాష్ట్రంలో భాషలు)

తెలుగు నేలకు ఇంగ్లీషు మొదట తీరంలో వచ్చింది. 1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. 19వ శతాబ్దిలో మద్రాసు ప్రభుత్వపు కచేరీలు, బడులు ఇంగ్లీషు మాటలను తీర జిల్లాల్లో పాతుకునేలా చేశాయి. పరభాషా పదాల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించాడు. తెలుగు వ్యాకర్తలు ఇలాంటి మాటలను అన్యదేశ్యాలంటారు.

నిజాం రాష్ట్రం తీరు వేరు. ఇక్కడ పాలన భాష మొదట ఫారసీ, 19వ శతాబ్ది చివరి భాగం నుంచి ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగానే నడిచింది, ఇంగ్లీషు అందులో తప్పనిసరి పాఠ్యాంశం మాత్రమే. శాస్త్ర పరిభాషను ఉర్దూలోకి తేవడానికి అనువాద విభాగమే పనిచేసింది. కాబట్టి కచేరీ మాట, కోర్టు మాట, రెవెన్యూ మాట నిజామాబాద్ రైతుకు ఉర్దూలోనే తెలుసు. తహసీల్దార్, దవాఖాన, పట్వారీ, దస్తావేజు ఆ పొరకు చెందినవి.

ఇంగ్లీషు కచేరీనుంచి కాక యంత్రంనుంచి దిగింది. ఇందూరు పేరు నిజామాబాద్‌గా స్థిరపడిన రోజుల్లో రైలు వచ్చింది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్టతో కాలువలు, గేట్లు, డిస్ట్రిబ్యూటరీలు వచ్చాయి. డిస్ట్రిబ్యూటరీ అన్న పొడుగు మాట పొలాల దగ్గర ‘డి’గా కురచై, పక్కన నంబరు చేర్చుకుని కాలువ పేరే అయింది. 1937లో బోధన్ పక్క షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. బాయిలర్, క్రషింగ్, షిఫ్టు, సీజన్, టన్ను, మొలాసిస్ అనే మాటలను అక్షరం తెలియని కూలీ కూడా చెవితోనే పట్టుకున్నాడు. బడిలో స్పెల్లింగుతో నేర్చిన మాటకూ ఫ్యాక్టరీలో చెవితో నేర్చిన మాటకూ ఉచ్చారణలో ఉన్న తేడా నేటి ముసలి తరంలో ఇంకా వినిపిస్తుంది.

1948లో నిజాం పాలన ముగిశాక, ముఖ్యంగా 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఉర్దూ స్థానంలో తెలుగుతోపాటు ఇంగ్లీషు కూడా కార్యాలయాల్లోకి నేరుగా వచ్చింది. 1966 అధికార భాషా చట్టం తెలుగుకు హోదా ఇచ్చింది. 1968లో మొదలైన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలకు పారిభాషిక పదాలు కూర్చింది. అయినా ఆఫీసు, ఫైలు, ఆర్డరు, మీటింగు చెక్కుచెదరలేదు. ఇదంతా జరుగుతుండగానే గల్ఫ్ దేశాలకు పని కోసం వెళ్ళే దారి తెరుచుకుని వీసా, ఏజెంట్, కంపెనీ, మెడికల్ అనే మాటలు పల్లెపల్లెకూ చేరాయి.

ఉచ్చారణ, పదరూపం (చూ. అజంత భాష)

హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు తెలుగు చివర ఉకారం చేరుస్తుంది. ముందున్న అచ్చు హ్రస్వమైతే హల్లు ద్విత్వమవుతుంది: బస్సు, బిల్లు, కప్పు. దీర్ఘమైతే కాదు: కారు, కోటు, గేటు. ‘రోడ్డు’ ఈ నియమానికి లొంగని మాట. చదువుకున్న యువతరం ఉకారం వదిలేసి బస్, బిల్ అంటోంది గాని విభక్తి చేరగానే ఉకారం తిరిగి వస్తుంది.

పదాది సంయుక్తాక్షరం దగ్గర ఉర్దూ ప్రభావం కనిపిస్తుంది. నిజామాబాద్ పాతతరం ‘ఇస్కూలు’, ‘ఇస్టేషన్’ అంటుంది. ఇది ఉర్దూ నోటి అలవాటు. తీరంలో అదే మాట ముందు హల్లును వదులుకుని ‘టేషను’ అయింది. ఇంగ్లీషు ట, డ ధ్వనులు తెలుగు చెవికి మూర్ధన్యాలుగానే వినిపిస్తాయి, అందుకే టికెట్, డాక్టర్. పళ్ళ మధ్య పలికే ధ్వని దంత్యమవుతుంది, అందుకే మదర్, థర్మామీటర్.

నామవాచకాలు (చూ. బహువచనం, లింగం, విభక్తులు)

అరువు మాటల్లో ఎక్కువ భాగం నామవాచకాలే. వీటి బహువచనం తెలుగు సూత్రాలకే లోబడుతుంది. చెట్టు–చెట్లు, గుడ్డు–గుడ్లు ఎలాగో టికెట్టు–టికెట్లు, రోడ్డు–రోడ్లు అలాగే. కాలు–కాళ్ళు తీరున ఫైలు–ఫైళ్ళు, స్కూలు–స్కూళ్ళు. ముల్లు–ముళ్ళు అయినా బిల్లు మాత్రం ‘బిల్లులు’గానే మిగిలింది.

ఇంగ్లీషు బహువచన ప్రత్యయం ‘స్’ మాటకు అతుక్కుని వచ్చినా తెలుగువారు దాన్ని బహువచనంగా లెక్కపెట్టరు. ‘లేడీస్ ఒకామె వచ్చింది’ అనడంలో వింత ఎవరికీ తోచదు. ‘షూస్‌లు’ అన్న రూపంలో రెండు భాషల బహువచనాలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇకారాంతానికి ‘కి’, మిగతావాటికి ‘కు’ అన్న నియమమూ తప్పదు: ‘డ్యూటీకి పోయిండు’, ‘యార్డుకు పోయిండు’. మనిషిని చెప్పే మాటకు కర్మార్థంలో ‘ను’ తప్పనిసరి: ‘డాక్టర్‌ను పిలిచిన్రు’. వస్తువుకు అక్కర్లేదు: ‘బస్సు ఎక్కిన’. తెలంగాణ మాటతీరులో ‘లో’ బదులు ‘ల’ వస్తుంది గనుక ‘బస్సుల’ అంటే ‘బస్సులో’ అనీ ‘బస్సుల యొక్క’ అనీ రెండు అర్థాలు. ‘బస్సుల పోయిన’ అన్నప్పుడు మొదటిది, ‘బస్సుల టైములు’ అన్నప్పుడు రెండోది. వెనకవచ్చే మాటే తేడా తెలుపుతుంది.

లింగం మనిషినిబట్టే: ‘డాక్టర్ వచ్చిండు’, ‘డాక్టర్ వచ్చింది’. గౌరవం తోడైతే ఆడామగా తేడా లేకుండా క్రియ బహువచనమవుతుంది: ‘సార్ వచ్చిన్రు’, ‘మేడం వచ్చిన్రు’. సార్, మేడం పేరు చివర చేరి గౌరవవాచకాలుగా పనిచేస్తాయి. ఇంగ్లీషులో ‘సర్’ పేరుకు ముందొచ్చే బిరుదు, ఇక్కడ గారు ఉండే చోటు తీసుకుంది.

ఇంగ్లీషులో ‘యామ్’, ‘ఆర్’ చేసే పనిని తెలుగులో నామవాచకానికి అంటిన చిన్న ప్రత్యయం చేస్తుంది: ‘నేను డ్రైవర్‌ను’, ‘నువ్వు డ్రైవర్‌వా?’. ప్రథమ పురుషలో ఆ ప్రత్యయం కూడా ఉండదు: ‘ఆమె టీచర్’. సమూహాన్ని చెప్పడానికి ‘వాళ్ళు’ అతికి ‘ఫ్యాక్టరోళ్ళు’, ‘బ్యాంకోళ్ళు’, ‘క్యాంపోళ్ళు’ ఏర్పడ్డాయి. మాట ఎంతగా సొంతమైందో తేల్చే పరీక్ష మరొకటుంది, జంటపదం. పులి–గిలి తీరున ‘బస్సు గిస్సు’, ‘మోటర్ గీటర్’, ‘టికెట్ గికెట్’. మాటలోని మొదటి అచ్చు హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’ అన్న సూక్ష్మం కూడా ఇక్కడ పొల్లుపోదు.

క్రియలు (చూ. సంయుక్త క్రియలు, ప్రేరణార్థకం)

ఇంగ్లీషు క్రియ తెలుగులోకి క్రియగా రాదు. నామంగా వచ్చి, చేయు, అవు, పెట్టు, కొట్టు, వేయు, తీయు వంటి తెలుగు క్రియ తోడుతో పనిచేస్తుంది. కాలం, పురుష, వ్యతిరేకం అన్నీ ఆ తోడు క్రియే మోస్తుంది: ‘స్టార్ట్ చేసిన’, ‘స్టార్ట్ చేయలే’, ‘స్టార్ట్ అయితలేదు’.

ఇదే నేలమీద ఉర్దూ క్రియలు వేరే దారిలో తెలుగైనాయి. వాటికి ‘ఆయించు’ చేరి దబాయించు, బనాయించు, చలాయించు, బుకాయించు అనే పూర్తి తెలుగు క్రియలు పుట్టాయి. ఇంగ్లీషు ధాతువుకు ఆ ప్రత్యయం చేరదు. ఎవరైనా ‘డ్రైవాయించు’ అంటే అది నవ్వులాటే. రెండు అరువుల మధ్య వ్యాకరణపరంగా ఉన్న ఇంత స్పష్టమైన హద్దు మరెక్కడా కనిపించదు.

చేయు–అవు జంట ఇంగ్లీషులో లేని తేడాను పట్టిస్తుంది. ఇంగ్లీషు ‘స్టార్ట్’, ‘క్లోజ్’, ‘ఛేంజ్’ సకర్మకాలూ అకర్మకాలూ కూడా, రూపం మారదు. తెలుగు వాటిని చీల్చి చెబుతుంది: ‘మోటర్ స్టార్ట్ చేసిన’, ‘మోటర్ స్టార్ట్ అయింది’. ఇంగ్లీషు కర్మణి వాక్యం అవసరమైన చోట కూడా ‘అవు’ సరిపోతుంది. ‘అరెస్ట్ అయిండు’ అన్న మాటలో ఎవరు పట్టుకున్నారన్న ఊసు లేదు, అయినా వాక్యం నిండుగానే ఉంది. ఇతరుల చేత చేయించిన పనికి ఇంగ్లీషు ‘గెట్’, ‘హ్యావ్’లను అడ్డం పెట్టుకుంటే తెలుగు ఒక్క ‘ఇంచు’తో తేల్చేస్తుంది: ‘స్టార్టర్ రిపేర్ చేయించిన’.

తోడు క్రియ ఎంపిక యాదృచ్ఛికం కాదు. దెబ్బ, మోత, నొక్కుడు ఉన్నచోట ‘కొట్టు’: హారన్ కొట్టు, లైక్ కొట్టు. అర్జీ, ఉంచడం ఉన్నచోట ‘పెట్టు’: లీవ్ పెట్టు, స్టేటస్ పెట్టు. లోపలికి దించేదానికి ‘వేయు’: బోరు వేయు, గేర్ వేయు, బ్రేక్ వేయు. బయటికి రాబట్టేదానికి ‘తీయు’: ప్రింట్ తీయు, ఎక్స్‌రే తీయు, ‘వీసా తీసిండు’.

‘ఇంగ్’తో ముగిసే రూపాలు ఇంగ్లీషులో సగం క్రియలు. తెలుగులో పూర్తి నామాలు: పార్కింగ్, బిల్లింగ్, షూటింగ్. బోధన్ చెరకు రైతు ‘క్రషింగ్ మొదలైంది’ అంటే ఆ ఏటి గానుగ కాలమంతా అని. ‘కటింగ్’ మంగలి షాపులో జుట్టు కత్తిరింపు, చెరకు తోటలో కోత.

ఇంగ్లీషులో క్రియకూ చిన్న మాటకూ కలిసి అర్థం పుట్టే జంటలు కూడా గడ్డకట్టి నామాలయ్యాయి: మేకప్, చెకప్, లాకౌట్, పికప్. వీటిలో ‘లేఆఫ్’కు బోధన్‌లో ప్రత్యేక చరిత్ర ఉంది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళిన నిజాం షుగర్స్‌లో 2015 డిసెంబరులో యాజమాన్యం లేఆఫ్ ప్రకటించింది, గానుగ ఆగింది. ఇంగ్లీషులో ‘లే ఆఫ్’ అనే క్రియకు కర్మ కార్మికుడు, పని లేకుండా ఆపబడేది అతడే. ఇక్కడి మాటలో ‘ఫ్యాక్టరీ లేఆఫ్ అయింది’. కర్మ కార్మికుడినుంచి ఫ్యాక్టరీకి మారింది. చట్టంలో లేఆఫ్ వేరు, మూసివేత వేరు. వాడుకలో ఆ తేడా చెరిగిపోయింది. తిరిగి తెరిపించాలన్న డిమాండ్లలో ఈ మాట వాడినప్పుడల్లా రెండర్థాలూ కలిసే ఉంటాయి.

విశేషణాలు, క్రియావిశేషణాలు

నామం ముందు విశేషణం ఉన్నదున్నట్టు వస్తుంది: ఫుల్ ట్యాంకు, కొత్త మోడల్, సెకండ్‌హ్యాండ్ బండి. క్రియ ముందు అయితే ‘గా’, తెలంగాణలో ‘గ’ చేరుతుంది: ‘ఫాస్ట్‌గ పోకు’, ‘టైట్‌గ ఉంది’. నామానికి కూడా అదే ప్రత్యయం చేరి విశేషణం తయారవుతుంది: ‘టెన్షన్‌గ ఉంది’. తెలుగులో తరతమ రూపాలు లేవు, పోలికంతా ‘కంటే’ చూసుకుంటుంది. అందుకే ‘బెటర్’ తన తరభావాన్ని పోగొట్టుకుని మామూలు విశేషణమైంది. ‘ఇంకా బెటర్’, ‘చాలా బెటర్’ అన్నవి తెలుగు లెక్కలో తప్పులు కావు.

విధిపదాలు (చూ. ఆర్టికల్, ప్రిపొజిషన్, విభక్తి ప్రత్యయాలు)

ఆర్టికల్ తెలుగుకు అక్కర్లేదు. తెలిసిన వస్తువా, కొత్త వస్తువా అన్నది పదక్రమంతోనో, ‘ఆ’, ‘ఒక’ వంటి మాటలతోనో తెలుస్తుంది. ‘బస్సు వచ్చింది’ అంటే ఎదురుచూస్తున్న బస్సే. ‘ఒక బస్సు వచ్చింది’ అంటే కథ మొదలైనట్టు. ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఇక్కడే చిక్కు. ‘ఎ’, ‘యాన్’ తేడా రాతనుబట్టి కాక ధ్వనినిబట్టి: ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’. అక్షరాలు చూసి పోతే రెండూ తప్పుతాయి.

ప్రిపొజిషన్ నామానికి ముందు, విభక్తి నామానికి వెనక. స్థానం ఒక్కటే సమస్య కాదు, పంపకాలు కూడా వేరు. ‘మీద’ ఒక్కటి ఇంగ్లీషు ‘ఆన్’, ‘ఓవర్’, కొన్నిచోట్ల ‘అబౌట్’ కూడా. ‘కు’ కొన్నిసార్లు ‘టు’, కొన్నిసార్లు ‘ఫర్’, కాలం చెప్పేటప్పుడు ‘ఎట్’: ‘ఐదింటికి బస్సు’. ‘నుంచి’లో ‘ఫ్రమ్’, ‘సిన్స్’, ‘ఫర్’ మూడూ ఉన్నాయి. తెలుగునుంచి ఆలోచించి రాసిన ఇంగ్లీషులో ‘డిస్కస్’ వెనక ‘అబౌట్’, ‘మ్యారీ’ వెనక ‘విత్’ చేరడానికి కారణం ‘గురించి’, ‘తో’.

‘హ్యావ్’ అన్న ఒక్క మాటకు తెలుగులో రెండు కట్టుబడులు. సొంతమైనదానికి, బంధువులకు ‘కు’: ‘మాకు రెండెకరాలున్నయి’, ‘ఆమెకు ఇద్దరు పిల్లలు’. చేతిలో, జేబులో ఉన్నదానికి ‘దగ్గర’: ‘నా దగ్గర కార్డు ఉంది’. ఇక ‘దట్’ ఇంగ్లీషులో మూడు కొలువులు చేస్తుంది. చూపే మాట అయితే తెలుగులో ‘అది’, ‘ఆ’. మాటను మరో వాక్యంలోకి అల్లేదైతే ‘అని’. సంబంధ వాక్యాన్ని తెచ్చేదైతే తెలుగులో దానికి మాటే ఉండదు, క్రియే విశేషణమవుతుంది: ‘నిన్న వచ్చిన బస్సు’.

విధిపదాలు అసలే రాలేదనడం సరికాదు. వచ్చినవి విధి వదిలి అర్థపదాలయ్యాయి. ఆన్, ఆఫ్ క్రియకు తోడయ్యే నామాలు: ‘లైట్ ఆఫ్ చెయ్’. ‘అవుట్’ క్రికెట్‌నుంచి పరీక్ష పేపరు దాకా పాకింది. ‘ఓవర్’ మితిమీరిన నడవడి: ‘ఓవర్ చేస్తుండు’. ‘ఇన్‌చార్జి’ మొత్తంగా ఒక మనిషి: ‘ఇన్‌చార్జి లేడు, రేపు రా’. రోజూ పక్క ఊరికి వెళ్ళి వచ్చే ఉద్యోగి ‘బోధన్‌కు అప్ అండ్ డౌన్ చేస్తడు’. మూడు ఇంగ్లీషు విధిపదాలు ఒకే తెలుగు పనికి కూలికి కుదిరిన వాక్యమిది. బస్సు బోర్డుమీది ‘వయా’ ఒక్కటే తన పాత స్థానాన్ని, నామానికి ముందుండే స్థానాన్ని, కాపాడుకుంది: ‘వయా వర్ని’.

సో, బట్, ఓకే, ప్లీజ్, సారీ, థాంక్స్ వాక్య నిర్మాణానికి బయట ఉండే మాటలు. వ్యాకరణాన్ని కదిలించవు గనుక వీటి ప్రవేశానికి అడ్డంకి లేదు.

అర్థవిపరిణామం (చూ. అర్థసంకోచం; అర్థవ్యాకోచం; సౌమ్యోక్తి)

ఇంగ్లీషు మాటకున్న అనేక అర్థాల్లో తెలుగు సాధారణంగా ఒకటో రెండో ఏరుకుంటుంది. ‘కరెంట్’కు ప్రవాహం, వర్తమానం అన్న అర్థాలు వదిలిపోయి విద్యుత్తు ఒక్కటే నిలిచింది. ‘రైలు’ అసలు ఇనుప కమ్మీ. ఇక్కడ బండికి పేరై, కమ్మీకి ‘పట్టా’ అన్న వేరే మాట కావలసి వచ్చింది. పొలంలో ‘మోటర్’ అంటే బావిమీది పంపు, ‘బోరు’ అంటే నీటికోసం వేసిన గొట్టపుబావి. తెలంగాణలో మోటారుసైకిల్‌ను తిప్పి ‘సైకిల్ మోటర్’ అనడం పాతతరం వాడుక. ‘బాండు పేపర్’ ఇంగ్లీషులో ఒక నాణ్యత గల కాగితం, ఇక్కడ ఒప్పందం రాసుకునే స్టాంపు కాగితం.

చక్కెర నాడులో ‘షుగర్’ పంపకం చెప్పుకోదగ్గది. టీలో వేసుకునేది చక్కెర. ఊరిపేరులో ఉన్నది ఉర్దూ షక్కర్. మిల్లు పేరులో షుగర్. మనిషికి వచ్చేది కూడా షుగరే: ‘ఆయనకు షుగర్ ఉంది’ అంటే మధుమేహం. ఒకే పదార్థానికి మూడు భాషల పేర్లుండి, దేని జాగాలో అది ఉండటంతో గందరగోళం లేదు. మధుమేహమన్న పేరు పలకకుండా దాటవేసే సౌమ్యోక్తి లక్షణం ఇందులో ఉంది. ఆసుపత్రిలో వినిపించే ‘మోషన్స్’, ‘సీరియస్’ కూడా ఈ కోవలోవే.

‘రికవరీ’ వృత్తినిబట్టి అర్థం మార్చుకుంటుంది. బ్యాంకువారికి బాకీ వసూలు. పోలీసులకు దొంగసొమ్ము పట్టివేత. దవాఖానలో కోలుకోవడం. చెరకు రైతుకు గానుగాడిన చెరకు బరువులో వచ్చిన చక్కెర శాతం. కేంద్రం ప్రకటించే చెరకు ధర ఈ శాతంతోనే ముడిపడి ఉంటుంది. 2022–23 సీజన్‌నుంచి మూల ధరకు ప్రాతిపదిక 10.25 శాతం రికవరీ. కాబట్టి చెరకు పండించే ఊళ్ళో ఈ మాటకు దశాంశ బిందువు దాకా విలువ ఉంది.

‘బోర్డు’ బడిలో నల్లబల్ల, దుకాణం ముందు పేరుపలక, ప్రభుత్వంలో సంస్థ. నిజామాబాద్‌లో దశాబ్దానికి పైగా ఈ మాటకు ముందు ‘పసుపు’ లేకున్నా వినేవారికి పసుపు బోర్డే స్ఫురించింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 185 మంది బరిలో నిలిచారు, వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

ఈ ప్రాంతానికి అన్నిటికంటే సొంతమైన మాట ‘క్యాంపు’. ఇంగ్లీషులో తాత్కాలిక విడిది. నిజాంసాగర్ నీళ్ళు పారాక తీరాంధ్ర జిల్లాలనుంచి వచ్చిన రైతులు భూములు కొని, మొదట గుడారాలూ పాకలూ వేసుకున్న చోట్లను క్యాంపులన్నారు. పాకలు పోయి మేడలు లేచాయి, మనవల తరం వచ్చింది. ఊరి పేరు చివర క్యాంపు అలాగే ఉండిపోయింది. తాత్కాలికాన్ని చెప్పే మాట శాశ్వత నివాసానికి పేరైంది, ‘క్యాంపోళ్ళు’ ఒక సామాజిక గుర్తింపుగా నిలిచింది. ఇదే తాలూకాలనుంచి గల్ఫ్‌కు పోయినవారికి క్యాంపు అంటే కంపెనీ కూలీలను ఉంచే గదుల వరస. ‘క్యాంపుల ఉంటున్నడు’ అన్న వాక్యం వర్ని పక్కన ఒకటి చెబుతుంది, దుబాయినుంచి వచ్చిన ఫోన్‌లో మరొకటి. వీటికి తోడు ఉచిత కంటి క్యాంపు, అధికారి క్యాంపు ఆఫీసు, ఎన్నికల వేళ సభ్యులను దాచే క్యాంపు.

మిశ్ర సమాసాలు

రెండు భాషల మాటలు కలిసే సమాసాలకు హద్దు లేదు: బోరుబావి, రైలుపట్టాలు, పాలప్యాకెట్, లాఠీచార్జి, పసుపు యార్డు. ‘షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కాంటా కాడ’ అన్న చిన్న పదబంధంలో ఉర్దూ, సంస్కృతం, ఇంగ్లీషు, తెలుగు నాలుగూ ఉన్నాయి. సంబంధం కలిపేది చివరి తెలుగు మాటే.

అభిప్రాయ భేదాలు

అరువు మాటలను గురించి రెండు వాదాలున్నాయి. ఉన్న తెలుగు మాటను తోసేసి ఇంగ్లీషు తేవడం భాషకు నష్టమని ఒక వాదం. రంగు పోయి కలర్, అన్నం పోయి రైస్ రావడాన్ని వారు ఉదహరిస్తారు. కొత్త వస్తువుతో వచ్చిన మాటను మార్చబూనడం వృథా అని రెండోది. వ్యాకరణ దృష్టితో చూస్తే మొదటి వాదం పదసంపద గురించి, రెండోది వస్తుజ్ఞానం గురించి. వాక్య నిర్మాణానికి ముప్పు ఉందనడానికి పైన చూపిన ఉదాహరణల్లో ఆధారం కనిపించదు. అధికారిక పరిభాష ఫలితం మిశ్రమం. ‘విమానాశ్రయం’ పత్రికల్లో నిలిచింది, ‘ధూమశకటం’ హాస్యానికి మిగిలింది.

బోధన, పదపట్టికలు (చూ. బేసిక్ ఇంగ్లీష్; ఇఫ్లూ)

తక్కువ మాటలతో ఇంగ్లీషు నేర్పాలన్న ప్రయత్నాల్లో సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రకటించిన 850 పదాల బేసిక్ ఇంగ్లీష్, మైకేల్ వెస్ట్ 1953లో వెలువరించిన దాదాపు 2000 పదాల జనరల్ సర్వీస్ లిస్ట్ ప్రసిద్ధం. వెస్ట్ ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసినవాడు, బెంగాలీ పిల్లల చదువే ఆయన పరిశోధనకు మూలం. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణకు 1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన కేంద్ర సంస్థే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23నుంచి ఒకటినుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చయ్యాయి. చందూర్ పిల్లవాడికి మోటర్, ట్యాంకు, బస్సు, టికెట్ బడికి రాకముందే తెలుసు. కొత్తవి ‘ది’, ‘ఆఫ్’, ‘బై’, ‘విచ్’. కాబట్టి ఈ ప్రాంతంలో బోధన బరువంతా విధిపదాలమీద పడాలి. పదపట్టికల్లో బొమ్మ గీయగల మాటలకే ఎక్కువ చోటు దక్కడం ఇందుకు ఎదురుగా ఉంది.

ఇంకా స్థిరపడని రూపాలు

ఫోన్‌తో వచ్చిన మాటలకు తోడు క్రియ ఏదో ఇంకా తేలలేదు. ‘రీచార్జి చేయించిన’, ‘రీచార్జి వేయించిన’, ‘రీచార్జి కొట్టిన’ మూడూ ఒకే దుకాణం ముందు వినిపిస్తాయి. డబ్బు పంపడానికి ‘ఫోన్‌పే చెయ్’ బలంగా ఉంది, ‘ఫోన్‌పే కొట్టు’ యువకుల నోట పెరుగుతోంది. ‘స్కాన్’ దుకాణంలో ‘కొట్టు’ వైపు, దవాఖానలో ‘తీయు’ వైపు మొగ్గుతోంది. ‘స్క్రీన్‌షాట్’ తీసేదీ కొట్టేదీ పెట్టేదీ కూడా, అయితే పెట్టినప్పుడు మాత్రం అర్థం వేరు: అది ఇంకొకరికి పంపడం.